పడుకుని చదివే కథ

మెట్ల కింది గది
ఆదివారం మధ్యాహ్నం

వదినకి,

ఫోన్‌తో పోయేదానికి ఉత్తరమెందుకని నవ్వుకుంటావు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అన్నయ్యే ఎత్తాడు. ముందు "ఉద్యోగం సంగతేం చేశావ్?" అని, తర్వాత "మీ వదిన స్నానం చేస్తోంది" అని పెట్టేశాడు. ఎప్పుడు చేసినా స్నానమేనా? పోన్లే, మా అన్నయ్య ఇంట్లో నీళ్ళకి కరువు లేదని తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. తన చేతికి చిక్కినా భయం లేదు, నా దస్తూరీ చూస్తే తనకి తలనొప్పి.

అసలు సంగతికొస్తాను. ఇక్కడి పిల్లల ఆస్పత్రిలో ఎముకల వార్డు ఒకటుంది. కాళ్ళకి పిండికట్లతో పిల్లలు వారాల తరబడి వెల్లకిలా పడుకునే ఉంటారు. కళ్ళు తెరిస్తే కప్పు, కప్పు మధ్యలో ఫ్యాను, అంతే. అక్కడి పెద్ద డాక్టరమ్మ నా కథల పుస్తకాలు తన మనవరాలికి చదివి వినిపిస్తుందట. నన్ను పిలిపించి, "ఈ కప్పు మీద ఒక కథ కావాలమ్మా. పడుకుని చదివే కథ. అక్షరాలొద్దు, బొమ్మలే" అంది.

కథ నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఊరందరినీ పడుకోబెట్టాక నిద్ర ఎక్కడికెళ్ళి పడుకుంటుంది? నీలం శాలువా కప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇళ్ళ కప్పుల మీదుగా, పడవల మీదుగా చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. చివరికి ఒక పిట్టగూట్లో ముడుచుకుని పడుకుంటుంది. ఆ చివరి ముక్క రాస్తుంటే నాకే కళ్ళు మూతలు పడ్డాయి.

కానీ బొమ్మలెవరు వేస్తారు? నేను ఆవుని గీస్తే జనం కుక్కనుకుని పక్కకి తప్పుకుంటారు. నాకు చెయ్యి తిరిగిన మనిషి కావాలి, చెప్పిన వేళకి వచ్చే మనిషీ కావాలి. లైబ్రరీ గోడ నీకు తెలుసుగా. నా కథకి బొమ్మలేస్తానన్న ఆ పగటికల సగం అడవి వేసి మాయమయ్యాడు. (అతన్ని అసలు పేరుతో పిలవడం అప్పుడే మానేశాను.) ఇప్పటికీ ఆ దారిన వెళ్తే తల వంచుకునే వెళ్తాను. సగం ఏనుగు ఒంటికన్నుతో నన్నే చూస్తూ ఉంటుంది.

మరమ్మతుల కోసం వార్డు ఇప్పుడు ఖాళీ చేశారు, పిల్లలు కింద వరండాలో ఉన్నారు. వానలు మొదలయ్యేలోపు వాళ్ళని మళ్ళీ పైకి తేవాలి. ఇది కూడా సగంలో ఆగిందంటే మానేసిన ఆ ఆఫీసులో మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంటానని అన్నయ్యకి మాటిచ్చాను. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఊపిరాడదు. కాబట్టి చెప్పు, మనిషిని ఎలా వెతకాలి? ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. కనీసం అర్ధ జవాబైనా రాయి.

నీ మరదలు

•

ఇల్లు, వెనక గది
గురువారం

ఆడపడుచుగారికి,

మీ అన్నయ్య నిజంగానే నీ ఉత్తరం చదవలేదు. కవరు మీద అడ్రసు చదివేసరికే ఆయన ఓపిక అయిపోయింది. స్నానం సంగతంటావా, ఎండలు అలా ఉన్నాయి మరి. పెన్సిల్‌తో రాస్తున్నానని ఏమీ అనుకోకు. ఈ ఇంట్లో పెన్నులకి కాళ్ళొచ్చి మీ అన్నయ్య జేబులోకి నడిచిపోతాయి.

చెయ్యి తిరిగినవాళ్ళూ కావాలి, వేళకి వచ్చేవాళ్ళూ కావాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఇదే. మీ అన్నయ్యని చేసుకున్నప్పుడు నేను ఇందులో సగం కూడా అడగలేదు. అడగాల్సిందేమో.

కుట్టుపనికి మనుషుల్ని పెట్టుకునేటప్పుడు నేను చేసేది చెప్తాను. ముందు ఒక్క గుండీ కుట్టమంటాను. గుండీయే కదా అని తేలిగ్గా తీసుకున్నవాళ్ళని కోటు దగ్గరికి రానివ్వను. ముచ్చటగా కుట్టి, రేపు తెస్తానని ఎల్లుండి తెచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపేస్తాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. నువ్వు కూడా వాళ్ళకి ఒక గుండీ ఇచ్చి చూడు.

ఇంకొక్క మాట. లేచి తిరిగేవాళ్ళు కప్పు తెల్లగా ఉంటుందనుకుంటారు. పొద్దున్నే అది బూడిదరంగులో ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పాలరంగుకి తిరుగుతుంది. సాయంత్రం కిటికీ చువ్వల నీడలు పొడుగ్గా పాక్కుంటూ మూలకి చేరతాయి. వీధిలో ఎవరైనా సైకిల్ మీద వెళ్తే ఆ మెరుపు ఒక్క క్షణం కప్పు మీద చేపలా ఈదిపోతుంది. మధ్యాహ్నమంతా ఆ చేప కోసమే చూడొచ్చు. నీ నిద్రమ్మ వీటన్నిటితో కలిసి ఉండాలి, తగువు పెట్టుకోకూడదు. బొమ్మ మరీ నిండుగా ఉంటే వెలుగు ఆడుకోడానికి చోటుండదు.

చెయ్యి లాగుతోంది, ఇక ఉంటాను.

వదిన

•

మెట్ల కింది గది
సాయంత్రం, ఉక్కగా ఉంది

వదినకి,

నీ గుండీ పరీక్ష పెట్టాను. ఒక్క పడవ వెయ్యమన్నాను, చెయ్యంత పడవ, వార్డు తలుపు వెనక గోడ మీద. ఇద్దరొచ్చారు.

మొదటాయన పేరు గడియారం అనుకో. చెప్పిన వేళకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నేల మీద గుడ్డ పరిచాడు, ఒక్క చుక్క కింద పడనివ్వలేదు, వెళ్తూ తలుపు గడియ కూడా వేశాడు. వదినా, ఆ మనిషిని చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించింది. పడవని చూస్తే మాత్రం ఏడుపొచ్చింది. సబ్బుపెట్టెకి తెడ్డు తగిలించినట్టుంది.

రెండోవాడు ఎవరనుకున్నావ్? పగటికలే. వీధిలో ఎదురుపడ్డాడు, పాపం చిక్కిపోయాడు. నోరూరుకోక చెప్పాను. మంగళవారం రమ్మంటే గురువారం మధ్యాహ్నం ఊడిపడ్డాడు. చేతిలో టీ గ్లాసు పట్టుకునే, మాట్లాడుతూ మాట్లాడుతూనే వేసేశాడు. ఆ పడవ అడుగున నీళ్ళు నిజంగా కదులుతున్నాయి. చూస్తూ ఉంటే నా కాళ్ళు తడిసినట్టయింది. డాక్టరమ్మ కూడా వచ్చి, ఆ నీళ్ళని తాకబోయి, రంగు తడి అని చెయ్యి వెనక్కి తీసుకుంది. "సోమవారం నుంచి వస్తావా?" అని అడిగాను. "ఎందుకు రాను" అన్నాడు. సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు.

రాత్రి కలలో ఇద్దరూ ఒకే చొక్కాలో దూరడానికి చూస్తున్నారు, ఒకడి చెయ్యి, ఒకడి తల. మెలకువ వచ్చాక కూడా ఆ చొక్కానే తలుచుకుంటూ పడుకున్నాను. దేవుడు ఒకడికి చెయ్యిచ్చి ఇంకొకడికి గడియారం ఎందుకిచ్చాడు? రెండూ ఒక్కరికే ఇస్తే ఆయన సొమ్మేం పోయింది?

మరదలు

•

ఇల్లు, వెనక గది

పిల్లా,

దేవుణ్ణి ఆడిపోసుకోకు, ఆయన కూడా పగటికల బాపతే. ఏదీ వేళకి పంపడు.

ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాళ్ళిద్దరికీ గుండీ ఇచ్చి చూశావు, బాగానే ఉంది. నీకెవరిచ్చారు? నీ గుండీ ఎవరు చూశారు?

ఊరికే అడిగాను. ఇవాళ మబ్బు పట్టింది, కప్పు రోజంతా ఒకే రంగులో ఉంది. నిద్రమ్మ కబుర్లు ఇంకొన్ని రాయి.

వదిన

•

ఆస్పత్రి, పిల్లల వార్డు
భోజనాల వేళ

వదినకి,

నా గుండీ సంగతి తర్వాత చూద్దాం. మనిషి దొరికింది.

శనివారం నాటకానికి వెళ్ళాను. నాటకం చెప్పుకోదగ్గది కాదు, హీరో తన మాటలు తనే మర్చిపోయాడు. కానీ వెనక తెర మీద ఒక వీధి ఉంది. వాన వెలిసిన వీధి, ఒక్క కిటికీలో మాత్రం దీపం. నేను ఆ కిటికీలోకి చూస్తూ ఉండిపోయాను. చప్పట్లు కొడుతుంటే గానీ నాటకం అయిపోయిందని తెలియలేదు. లేచి తిన్నగా స్టేజి వెనక్కి వెళ్ళాను.

అక్కడ పెద్ద షెడ్డు. నేలంతా తెర పరిచి ఉంది, తెర నిండా నది. నది నడుమ ఒకావిడ ఒట్టికాళ్ళతో నిలబడి, చీపురంత పొడుగు కర్రకి బ్రష్షు కట్టి నీళ్ళు దిద్దుతోంది. పొట్టి జుట్టు, తాడు కట్టి మెళ్ళో వేసుకున్న కళ్ళజోడు. ఊళ్ళోని నాటకశాలలన్నీ ఆవిడ తెర కోసం వరస కడతాయట, ఆ సంగతి ఆవిడ మొహంలోనే తెలుస్తుంది. నేను గట్టున నిలబడి, "కథలు రాస్తానండీ" అన్నాను.

"ఎన్నింటికి?" అంది.

"అంటే?"

"రోజూ ఎన్నింటికి మొదలుపెడతారు?"

కథలు నాకెప్పుడొస్తే అప్పుడే కదా రాసేది. ఆ ప్రశ్న దాటేసి వార్డు సంగతీ కప్పు సంగతీ గడగడా చెప్పేశాను. ఆవిడ తల కూడా ఎత్తకుండా, "సోమవారం ఎనిమిదింటికి వార్డు దగ్గర ఉంటాను. మీరు రాలేకపోతే ముందురోజే చెప్పాలి. కథ మార్చాలంటే నేల మీద ఉన్నప్పుడు చెప్పండి, నేను నిచ్చెన మీదున్నప్పుడు కాదు. వానలు పడగానే నాకు కొత్త తెర ఉంది, ఆ పైన ఒక్కరోజు కూడా ఇవ్వలేను" అంది. ఆవిడకి తెరలావిడ అని పేరు పెట్టాను. ఎదురుగా మాత్రం మేడమ్ అనే అంటున్నాను, భయం.

సోమవారం వచ్చింది. నా కాగితాలు చూడనైనా చూడలేదు. చెప్పులు విప్పి మొదటి మంచం మీద పడుకుంది. కాసేపు కప్పు చూసి, లేచి, రెండో మంచం. అలా వరసంతా. తర్వాత ఎదురు వరస. నన్నూ పడుకోమంది. "ఇప్పుడు చెప్పండి, మీ కథ ఎక్కడ మొదలు?"

కిటికీ వైపు అన్నాను. "ఈ వరస వాళ్ళకి సరే. ఆ వరస వాళ్ళ తలలు అటు గోడకి ఉన్నాయి. వాళ్ళకి మీ నిద్ర తలకిందులుగా నడుస్తుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ కథని బల్ల మీద పరుచుకుని చూశాను గానీ మంచం మీంచి చూడలేదు. డాక్టరమ్మా చూడలేదు, పగటికలా చూడలేదు. అలాగే పడుకుని ఆలోచిస్తుంటే రెండు వరసల మధ్య నడిచే దారి నది లాగా అనిపించింది. "దారి పైన నది వేద్దాం మేడమ్. అటు ఇళ్ళు అటు గట్టున, ఇటు ఇళ్ళు ఇటు గట్టున. అవతలివాళ్ళ పడవ తలకిందులుగా కనపడితే ఇవతలివాళ్ళు నీళ్ళలో నీడ అనుకుంటారు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మొట్టమొదటిసారి నవ్వింది. వదినా, ఆ నవ్వు కోసం ఇంకో ఏడాది ఉద్యోగం లేకుండా ఉండగలను.

కానీ వెంటనే దెబ్బ వేసింది. "పిల్లలు మంచం దిగలేరు. ఎవరి కప్పు వాళ్ళది. పిట్టగూడు చివరి మంచం మీద వస్తే మిగతా వాళ్ళకి అసలు చివరే లేదు. కాబట్టి చివర తీసెయ్యండి." నా పిట్టగూడు. నేను అంతగా ప్రేమించిన ఒకే ఒక్క ముక్క. చివర లేని కథ కథేనా? రేపటిలోగా చెప్పమంది. నాకు ఆవిడతో పెద్ద గొడవ పెట్టుకోవాలని ఉంది, మళ్ళీ భయంగానూ ఉంది. నువ్వేమంటావు?

మరదలు

•

ఇల్లు, వెనక గది

పిల్లా,

రేపటిలోగా నా జవాబు చేరదని తెలిసే అడిగావు, గడుసుదానివి. అయినా చెప్తాను.

పడుకుని ఉన్నవాళ్ళకి కథ అయిపోవడం అక్కర్లేదమ్మా. అయిపోయాక మళ్ళీ కప్పే కదా మిగిలేది. వాళ్ళకి కావలసింది ఎవరో ఒకరు రావడం. తలుపు దగ్గర అలికిడి, చెప్పులు విడిచిన చప్పుడు, "పడుకున్నావా?" అనే గొంతు. వచ్చాక ఏం మాట్లాడారన్నది అంత ముఖ్యం కాదు. మధ్యాహ్నమంతా ఆ ఒక్క చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. ప్రతి మంచానికీ నిద్రమ్మ అప్పుడే వస్తున్నట్టు ఉండనీ. పడుకోవడానికి చోటు దొరక్కపోతే పోనీ పాపం, ఆవిడ తిరుగుతూ ఉంటేనే అందరికీ మంచిది.

మీ తెరలావిడ నాకు నచ్చింది. భయపడు, మంచిదే.

వదిన

•

ఆస్పత్రి, పిల్లల వార్డు
అయిదు దాటింది

వదినకి,

నీ ఉత్తరం వచ్చేసరికే పిట్టగూడు తీసేశాను. ఏడుస్తూనే తీశాను. మర్నాడు తెరలావిడ ఆ చోట ఒక గుమ్మం గీసి, గుమ్మంలో నిద్రమ్మ చెప్పులు మాత్రం విడిచిపెట్టింది. అది చూశాక ఏడవడం మానేశాను.

రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్పలేను. కర్రల పరంజా మీద ఇద్దరం వెల్లకిలా పడుకుని ఉంటాం, కప్పు ముక్కుకి తగిలేంత దగ్గరగా. ఆవిడ ఇళ్ళు వేస్తుంది, నేను కిటికీల్లో పసుపు నింపుతాను. నింపగలనని ఆవిడే తేల్చింది, ఆవుల జోలికి మాత్రం పోవద్దంది. కింద ఎవరో నీళ్ళ బకెట్ పెడతారు, ఆ నీళ్ళ మెరుపు మా నది మీద వణుకుతుంది. నువ్వు చెప్పిన చేప కూడా రోజుకోసారి వచ్చి పోతోంది, దాని దారిలో మేం ఏమీ వెయ్యలేదు. ఒక్కోసారి మేం కప్పుకి అతుక్కుని ఉన్నామో, ఆకాశంలో తేలుతూ కిందికి చూస్తున్నామో తెలియదు.

అయిదవగానే ఆవిడ "చాలు" అంటుంది. నిన్న మేఘం సగంలో ఉంది, చెయ్యి మంచి ఊపు మీద ఉంది. "ఇంకాస్సేపు మేడమ్" అని బతిమాలాను. బ్రష్షులు కడుగుతూ, "మేఘం ఎక్కడికీ పోదు. రేపు ఏం వెయ్యాలో తెలిసి నిద్రపోతే రేపు లేవబుద్ధేస్తుంది" అంది. ఇలాంటివి పగటికలకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక అసలు మాట. ఇవాళ టీ తాగుతూ నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను, గొప్ప కోసమే. "ఎవరో ఒకరు రావడం" దగ్గర ఆవిడ గ్లాసు కింద పెట్టి ఉత్తరం ఒకసారి ఇమ్మంది. చదవలేదు, అక్షరాల మీద వేలితో రుద్ది చూసింది.

"మీ వదినగారు ఎన్నాళ్ళ నుంచి మంచంలో ఉన్నారు?"

మంచంలో లేదు, స్నానంలో ఉంటుంది అన్నాను. ఆవిడ నవ్వలేదు. "కాగితం పైకెత్తి పట్టుకుని రాస్తే పెన్నులో సిరా దిగదు. అందుకే నేనూ కప్పు మీద గుర్తులన్నీ పెన్సిల్‌తోనే పెడతాను. ఈ గీత చూడండి, పోనుపోను చెయ్యి బరువెక్కి కిందికి జారుతోంది. ఇది పడుకుని రాసిన ఉత్తరం."

వదినా, నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ పెన్సిలే, అన్నీ వెనక గది నుంచే. ఇప్పుడు ఏం కుడుతున్నావో ఒక్కదాంట్లోనూ లేదు. నన్నింత వెర్రిదాన్ని చేస్తారా మీ ఇద్దరూ? నిజం రాయి. రాయకపోతే రేపే బస్సెక్కుతాను.

మరదలు

•

ఇల్లు, వెనక గది

పిల్లా,

బస్సెక్కకు. నిజం రాస్తున్నాను.

తడిబట్టల బకెట్‌తో మేడ మెట్ల మీంచి జారాను, నీ మొదటి ఉత్తరానికి కొద్దిరోజుల ముందు. వెన్నుపూస ఒకటి చిట్లింది. వెల్లకిలా పడుకుంటే అదే అతుక్కుంటుందట. నడుస్తానని డాక్టరు గట్టిగానే చెప్తున్నాడు, ఎప్పుడో మాత్రం చెప్పడం లేదు. పగలు పక్కింటావిడ వచ్చి చూస్తుంది. మీ అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి వంట చేస్తాడు. ఆ వంట తిని కూడా బతికే ఉన్నానంటే గట్టిపిండాన్నే. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. స్నానం మాత్రం ఆయన సొంత తెలివి.

ఎందుకు చెప్పలేదో కూడా వినాలి. నువ్వు పరిగెత్తుకొస్తావని తెలుసు. ప్రేమతోనే వస్తావు, కాదనను. కానీ వచ్చాక ఉండిపోతావు. లైబ్రరీ గోడని అతను వదిలేశాడని అందరితో చెప్పావు. మీ అన్నయ్యకి జ్వరమని నువ్వు వచ్చినప్పుడు జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది, నువ్వు నెల్లాళ్ళున్నావు. అప్పటికింకా అతను గోడ దగ్గరే ఉన్నాడు. ఇక్కడికి రెండు ఉత్తరాలు కూడా రాశాడు, ఏనుగు కళ్ళు ఎటు చూడాలని. వాటిని నువ్వు విప్పలేదు. పని కష్టమైన చోట నీకు ఇల్లు గుర్తొస్తుంది. అది మా మీద ప్రేమే, కాకపోతే ఆ ప్రేమకి ఎప్పుడు రావాలో బాగా తెలుసు.

ఇంత కటువుగా ఎప్పుడూ రాయలేదు నీకు. రాసి ఏడ్చాను. పడుకుని ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకి పోతాయి, తెలుసా. నీ కప్పు పూర్తి చెయ్యి. ఇన్నాళ్ళూ నేను బతికింది నీ కప్పు కింద.

వదిన

•

మెట్ల కింది గది

వదినకి,

రెండ్రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. నువ్వే గెలిచావు. ఆ ఉత్తరాలు విప్పలేదన్నది నిజమే.

శుక్రవారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతాను. నమ్మకు, చూద్దువుగాని.

తెరలావిడతో చెప్పాను. తిడుతుందనో, జాలిపడుతుందనో అనుకున్నాను. ఆవిడ కప్పు వంక చూసి, "శనివారం ఆకాశం వెయ్యాలి, దానికి మీరక్కర్లేదు. సోమవారం నుంచి వారమంతా నిద్రమ్మ మొహాలు. ఏ మంచం దగ్గరికి ఎలా వస్తోందో మీరే చెప్పాలి, మీరు లేకుండా నేను వెయ్యను" అంది. బ్రష్షు అందుకుంటూ, "ఆ వారం దాటితే నాకు ఒక్కరోజు కూడా లేదు" అంది. అంటే సోమవారం నేను లేకపోతే కప్పు మీద మొహాల్లేని నిద్రలు మిగిలిపోతాయి. బెదిరింపు కాదు, ఉన్న మాట చెప్పింది.

అన్నయ్యని వంట చెయ్యొద్దని చెప్పు.

మరదలు

•

ఇల్లు, వెనక గది
సోమవారం

పిల్లా,

నువ్వు వెళ్ళాక ఇల్లు కాసేపు ఊగినట్టే ఉంది. రెండు రోజులు ఎంత వాగావు. నా జుట్టు దువ్వావు, కిటికీ తెరలు ఉతికావు, మీ అన్నయ్యకి అన్నం వార్చడం నేర్పావు. ఆదివారం మధ్యాహ్నం నా పక్కన పడుకుని నువ్వూ ఈ కప్పు చూశావు. నాకు ఆ గంట చాలా బాగుంది.

దాచడం మనిద్దరికీ అచ్చిరాలేదు కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. నువ్వు గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటుంటే "ఉండిపోవే" అనే మాట నా నోటి దాకా వచ్చింది. మిగతా రోజులన్నీ ఓర్చుకున్నాను గానీ ఆ ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయాను. కటువుగా ఉత్తరం రాసిన వదిన ఎక్కడికి పోయిందో తెలియదు. గోడ వైపు తల తిప్పేసుకున్నాను. నువ్వు అది అలక అనుకుని ఉంటావు. కాదు.

నువ్వు వెళ్ళావు. వెళ్ళావని ఏడ్చాను. ఇంత గర్వంగా ఎప్పుడూ ఏడవలేదు.

వదిన

•

ఆస్పత్రి, పిల్లల వార్డు
వాన కురుస్తోంది

వదినకి,

ఆ మాట నాకు వినపడింది. నువ్వు అనకపోయినా వినపడింది. వీధి చివరిదాకా వెళ్ళి ఆగాను, వెనక్కి తిరిగాను కూడా. బస్సులో దారంతా ముక్కు చీదుతూనే ఉన్నాను, పక్కనున్న పెద్దాయన తన తువ్వాలు ఇచ్చేశాడు.

సోమవారం ఎనిమిదింటికి పరంజా కింద నిలబడ్డాను. తెరలావిడ నా వాచిన కళ్ళు చూసి, బ్రష్షులు నా చేతికిచ్చింది. పైకెక్కి పడుకున్నాక, "మొదటి మంచం. ఎలా వస్తోంది ఈవిడ?" అంది.

"చాలా దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, పరిగెత్తనట్టు నిలబడుతుంది" అన్నాను.

ఆవిడ వేసింది. రెండో మంచం దగ్గరికి ఆలస్యమైనందుకు దొంగచూపులు చూస్తూ వస్తుంది. మూడోదాని దగ్గరికి ఏదో మర్చిపోయి మళ్ళీ వస్తుంది. వారమంతా నేను చెప్పడం, ఆవిడ వెయ్యడం. ఒక్కోసారి నేను నోరు తెరవకముందే వేసేసేది, ఒక్కోసారి ఆవిడ వేసింది చూశాక నేను చెప్పాల్సింది నాకు తెలిసేది. ఎవరిది ఏ ముక్కో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

నిన్న పిల్లల్ని పైకి తెచ్చారు. చక్రాల బళ్ళ మీద ఒక్కొక్కరినే తెచ్చి మంచాల మీద పడుకోబెడుతుంటే మేమిద్దరం తలుపు పక్కన నిలబడ్డాం. అందరి కళ్ళూ కప్పు మీదికి వెళ్ళాయి. తర్వాత తొడ దాకా కట్టున్న ఒక పాప, "ఈవిడ నా దగ్గరికే వచ్చింది" అంది. ఎదురు వరస నుంచి ఒకడు, "కాదు, నా దగ్గరికి. నీది నీళ్ళలో నీడ" అన్నాడు. వార్డంతా తగువు మొదలైంది. నర్సమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ తగువు మధ్యలోనే ఒక్కొక్కరూ నిద్రలోకి జారుకున్నారు. వాన వెలుగులో కప్పు మీది నది కొంచెం నల్లబడింది.

తెరలావిడ సంచీ సర్దుకుంటూ మెట్ల దగ్గర ఆగింది. వచ్చే ఏడాది కళ్ళ ఆస్పత్రి వాళ్ళు పెద్ద గోడ ఇస్తున్నారట, కథ నేను రాయాలట. "మీరు వస్తారా?" అని అడిగింది. మీరే నన్ను అడుగుతున్నారా అన్నాను.

"చాలా ఏళ్ళుగా వెతుకుతున్నాను" అంది. "కథలు బాగా చెప్పేవాళ్ళు చాలామందే దొరికారు. సోమవారం వచ్చేవాళ్ళే దొరకలేదు."

నన్ను ఎవరైనా మెచ్చుకుంటే ఊరంతా డప్పు కొట్టుకునేదాన్ని కదా. నిన్న మాత్రం వస్తానని తల ఊపాను. ఆవిడ గొడుగు వేసుకుని వెళ్ళిపోయాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ సోమవారాన్ని నీ మంచం దగ్గర్నుంచి ఎలా లాక్కొచ్చానో ఆవిడకి చెప్పలేదు.

నీ
మరదలు